నలభై రూపాయల వాషరు

చిట్టినగర్ కొండకి నూట ఎనభై ఆరు మెట్లు.
నా ఫారానికి నలభై ఒక్క పేజీలు.
ఒక్కో ఫారానికి అరవై రూపాయలిస్తారు,
మంచినీళ్ళ సీసా ఖర్చు నాదే.

నూట పన్నెండో మెట్టు దగ్గర నీలం టాంకు.
దాని పొట్ట మీద ఏ దేశానిదో జెండా,
కింద పెచ్చులూడగా మిగిలిన ఒక్క మాట: సహకారంతో.
ఎవరి సహకారమో ఎండకి రాలిపోయింది.

మోటారు ఆగి ఎనిమిది నెలలు.
"వాషరు పోయిందండీ" అన్నాడు మస్తాన్ వలి,
"వన్ టౌన్లో నలభై రూపాయలు. పావుగంట పని.
మనం ముట్టుకుంటే గ్యారంటీ పోద్దంట.
ఆళ్ళ వాషరే రావాలంట."

వాషరు కోసం ఒక లేఖ హైదరాబాదు వెళ్ళింది,
అక్కణ్ణించి ఢిల్లీ,
ఆపైన మంచు కురిసే ఏదో ఊరు.
అక్కడ అందరూ సెలవుల్లో ఉన్నారు.
బదులుగా వచ్చింది వాషరు కాదు, నేను,
తృప్తిని కొలవడానికి,
ఒకటి నుంచి ఐదు దాకా.

సామ్రాజ్యం గారు బిందె దించి కూర్చుంది.
పేరు రాశాను. వయసు రాశాను.
'లబ్ధిదారు' అని పైకి చదివాను.
"అంటే?"
చెప్పాను.
"లబ్ధికి దారి అనుకున్నాన్లే.
నిజమే, దారి మేమే.
అది మా మీద నించే నడిచిపోద్ది."
ఆ నవ్వుని ఏ గడిలో రాయను?

"దేవుడు వరమిచ్చినా..." అని మొదలెట్టి
నా మెడలో కార్డు చూసి ఆగింది.
పూజారిని నేనే.

పద్దెనిమిదో పేజీలో ఉండగా లోపలికెళ్ళి
పొదుపు సంఘం పుస్తకం తెచ్చింది.
పదకొండేళ్ళ లెక్క,
నూనె మరకలు, వేలిముద్రలు, కొట్టివేతల పక్కన పొడి సంతకాలు.
"ఆ డబ్బు ఇందులో వెయ్యమనండి.
ఖర్చు ఈ గోడ మీద బొగ్గుతో రాస్తాం.
తప్పయితే కింది మెట్టోళ్ళు ఎక్కొచ్చి మరీ తిడతారు.
మీ దొరల్ని తిట్టాలంటే
మేం ఎన్ని మెట్లెక్కాలి?"

ఆ ప్రశ్న నా ఫారంలో లేదు.
మార్జిన్లో నిలువుగా రాశాను.
మార్జిన్లు ఎవరూ టైపు చెయ్యరని తెలిసే రాశాను.

తర్వాత నా అరవైలోంచి నలభై తీశాను.
గ్యారంటీ సంగతి నేను చూసుకుంటానన్నాను,
ఎలాగో నాకే తెలియకపోయినా.
సామ్రాజ్యం గారు ఊరికే పుచ్చుకోలేదు:
పుస్తకంలో జమ రాసి, సంతకం పెట్టించి,
చిన్న చీటీ ఒకటి నా చేతిలో పెట్టింది.
ఆరేళ్ళ ఈ పనిలో
నాకెవరైనా లెక్క చెప్పడం ఇదే మొదలు.

మస్తాన్ వలి మోటారు మీట నొక్కాడు.
నీళ్ళింకా ఎక్కలేదు.
పైపులో ఎనిమిది నెలల గాలి
దగ్గుతోంది.