నూరు దీపాల పద్దు

ఐదు సంపుటాలూ అయిపోయాయి. ఆరోది రాలేదు.
రాసినాయన ఏ దేశంలోనో ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు.
మేం ముగ్గురం మాత్రం మాంబళం స్టేషన్ మెట్లమీద
ఆయన వదిలేసిన లోకానికి ఆడిట్ చేస్తున్నాం.

సంగతి ఇదీ:
ఉప్పుకోట మంత్రగాడు చిటికెనవేలు మడిస్తే
నూరు దీపాలు వెలుగుతాయి.
ఆ వేలు మళ్ళీ మూడు రోజులకు గానీ చాచడానికి రాదు.
మంత్రానికి ధర అదే, అంటాడు ముకిలన్.
అంతకన్నా తవ్వకూడదట.
వాన ఎవరికైనా బిల్లు పంపిందా, అంటాడు.

జెరూషాది ఇంకో వాదం.
ఆ వెలుగు రేపటినుంచి తెచ్చుకున్న చేబదులు.
అందుకే మూడో సంపుటంలో ఒక పగలు పొట్టిదైపోయింది,
మిట్టమధ్యాహ్నం కోటగంట పదకొండే కొట్టింది.
అచ్చుతప్పు కాదని ఒట్టేసి చెబుతుంది.

నేను మూడేళ్ళుగా ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ చేస్తున్నదాన్ని.
ఇటు నూరు దీపాలు, అటు ఒక్క చిటికెనవేలు,
ఎన్నిసార్లు కూడినా పొసగదు.
పెన్సిల్ పుచ్చుకుని మొదట్నుంచి చదివితే దొరికింది
నాలుగో సంపుటం, రెండొందల పన్నెండో పేజీ:
వలలల్లే ఒకావిడ, పేరైనా లేదు,
తెల్లారి లేచేసరికి జుట్టంతా తెల్లబడి ఉంటుంది.
ఒక్క వాక్యం. కథ ఆమెను దాటుకుని పోతుంది.
ముందురాత్రి కోటలో విందు.

పేజీ చూపించాను. ముకిలన్ నవ్వాడు,
"నీకు ప్రతిచోటా ఎవరో ఒకరు మోసపోవాలి."
జెరూషా నవ్వలేదు. పెన్సిల్ అడిగింది.

మే నెల. పాండీ బజార్ నగల కొట్లో
శాలువా కప్పుకోవాలనిపించేంత చలి.
ఆ చలి తాలూకు వేడంతా వెనకసందులో
నాలుగు ఏసీ పెట్టెల్లోంచి బుసకొట్టే చోట
అంజలై మల్లెలు కడుతుంది.
తడిగుడ్డ కప్పినా మొగ్గలు తొందరపడి విచ్చుకుంటాయి.
అటు జరిగి కూర్చోరాదా అంటే
"అటు నీడ లేదు పాపా. నీడకి ఇదే అద్దె."

ఆ సాయంత్రం నా వంకర తమిళంలో
ఆమెకి కథంతా చెప్పాను.
మడిచిన వేలు, వెలిగిన దీపాలు, నెరిసిన తల.
దారం ఆపకుండా విని, అడిగింది:
"ఆ వేలివాడికి అప్పిచ్చిందెవరు?"
తెలీదన్నాను.
"పొద్దున తొమ్మిదొందలిచ్చి
రాత్రికి వెయ్యి పట్టుకుపోయేవాడు కూడా
ఊరికే ఇవ్వడు. ఎవరో పూచీ పడాలి.
మీ వలలామె పడి ఉంటుంది.
వాడు ఆమెకి ఏమవుతాడో చూడు."

ఇన్నేళ్ళ వాదనల్లో
ఆమె ఒప్పుకుని ఉండొచ్చన్న మాట
మాలో ఒక్కరికీ తట్టలేదు.
నేనైతే ఆమెను నష్టాల కింద రాసేసి
గీత కూడా గీసేశాను.

మూర కొలిచి తెంపబోతూ అంజలై
మోచేతి అవతలికి ఇంకో నాలుగు మొగ్గలు జరిపింది.
కొసరు.
ఏ పద్దులో రాయాలో తెలీక జడలో పెట్టుకున్నాను.

రైల్లో మళ్ళీ తీశాను నాలుగో సంపుటం.
నేను గీత గియ్యని పేజీలో, రెండొందల పదకొండులో,
ఆమె గుడిసె గోడకి ఒక బుల్లి వల వేలాడుతోంది
పసివాడి చెయ్యి పట్టేంతది.
ఉప్పు పట్టి బిగుసుకుపోయిందట. ఇంకేం రాయలేదు.

జెరూషాకి మెసేజ్ కొడుతూ ఉండగా
కోడంబాక్కం దగ్గర
పెట్టెలో దీపాలన్నీ గుప్పున ఆరి, మళ్ళీ వెలిగాయి.
ఎవరూ తలెత్తలేదు.
నేనొక్కదాన్నే చుట్టూ చూశాను,
ఎవరి జుట్టు నెరిసిందో అని.