ఎనభై రూపాయల బోల్టు

పాలకొల్లులో, నర్సాపురం కాలవ గట్టున
రేకుల షెడ్డు మాది.
లేత్ ఒకటి, వెల్డింగు సెట్లు రెండు,
కరెంటు పోతే తిట్టుకోవడానికి మనుషులం ఏడుగురం.

చేసేవి ఏరేటర్లు.
తెల్లవారుజామున చెరువులో గాలి తగ్గితే
రొయ్య తేలుతుంది.
రొయ్య తేలితే రైతు మునుగుతాడు.
ఆ రెంటికీ మధ్య తిరిగే చక్రం మాది.

మొదటిసారి సముద్రం దాటినవి నాలుగే.
మొజాంబిక్‌లో కెలిమానె అనే ఊరికి.
ఆ పేరు పలకడానికే మాకు వారం పట్టింది.
కాగితంలో 'సరుకు వివరం' అన్నచోట
'నీళ్లకి ఊపిరి పోసే చక్రం' అని రాశాను.
కాకినాడ ఏజెంటు కొట్టేసి
ఎనిమిది అంకెలు వేశాడు.
"కస్టమ్సు వాళ్లు కవిత్వం చదవరండీ" అన్నాడు.
బ్యాంకులో ఎల్.సి. కావాలంటే
మేనేజరుగారు ఇద్దరికి ఫోన్లు చేసి కనుక్కుని
మూడో రోజు టీ ఇప్పించారు.

మూడు నెలలకి వీడియో కాలు.
అవతల జువాకినా.
ఆవిడ వెనకాల వరసగా కొబ్బరిచెట్లు,
ఒక్క క్షణం అంబాజీపేట అనుకున్నాను.
ఆవిడ ఏమీ అనలేదు.
ఊడిపోయిన రెక్కని ఫోనుకి దగ్గరగా పట్టుకుంది.
ఇటుకరంగు నీళ్లు మోచేతి దాకా కారాయి.

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి.
మీ నీళ్లలో ఉప్పెక్కువ, మీ కరెంటుకి నిలకడ లేదు,
మీ కుర్రాళ్లు తిరగేసి బిగించి ఉంటారు...
వరసగా పేర్చుకుంటున్నాను.
ఏసుపాదం వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి నెట్టి
ఫోనులోకి వంగి చూశాడు.
"అది మన బోల్టేనండి.
స్టీలుది మానేసి మామూలుది వేశాం.
బోల్టుకి ఎనభై మిగులుతుందని
మీరే వేయించారు కదండీ."

తెలుగులోనే అన్నాడు.
అయినా ఆవిడకి అర్థమైంది.
నా మొహం అనువాదం చేసిపెట్టింది.

ఆ రాత్రి లెక్క కట్టాను.
నాలుగు యంత్రాలు, ఒక్కోదానికి పదహారు.
ఐదు వేల నూట ఇరవై.
మా పరువు అంతకే పోయింది.

కొత్త బోల్టులు విమానంలో పంపాం.
లెక్కలు చూసే మా వదిన మంగతాయారు
ఆ రవాణా బిల్లుని
దేవుడి పటం పక్క మేకుకి గుచ్చింది.
ఇప్పటికీ తీయలేదు.

తర్వాత జువాకినా రాసింది:
మొత్తం యంత్రం వద్దు, గేరుబాక్సు మీరు పంపండి,
తేలే డబ్బాలూ ఫ్రేమూ ఇక్కడ మేం చేస్తాం.
చివర ఒక మాట.
ఫోను దాన్ని తెలుగు చేసి
'మనం సగం సగం అవుదామా' అని చూపించింది.
తప్పు తెలుగే.
దిద్దాలనిపించలేదు.

"పని నేర్చుకున్నాక గేరుబాక్సు కూడా
వాళ్లే పోసుకుంటే?" అంది వదిన.
ఏసుపాదం గెడ్డం గోక్కున్నాడు.
"నేను భీమవరంలో రాజుగారి షెడ్డులో నేర్చానండి.
ఆయనా ఇలాగే అనుకునుంటే
ఈపాటికి గేదెలు కాసుకునేవోణ్ణి."
అది జవాబు కాదంది వదిన.
ఒప్పందంలో 'ఐదేళ్లు' అని రాయించి
కింద రెండు గీతలు గీయించింది.

మేం భోజనాలకి లేచేసరికి
అక్కడ షట్టరు తీస్తారు.
ఏసుపాదం చెయ్యి కడుక్కొచ్చి
ఫోను ముందు కూర్చుంటాడు.
డొమింగోస్ అనే కుర్రాడు వెల్డు వేస్తుంటే
కళ్లు మూసుకుని వింటాడు.
"ఊహూ. ఆవాలు చిటపటలాడినట్టుంది.
బజ్జీ వేగినట్టుండాలి."
బజ్జీ అంటే ఏమిటో వాడికి తెలీదు.
మొన్న పొయ్యి మీద బాణలి పెట్టి
ఫోను దగ్గరగా పట్టి వినిపించాం.

నేమ్‌ప్లేటు మీద ఎవరి పేరు ముందన్నది
ఇంకా తేలలేదు.
రెండో విడత ఖాళీ రేకులతోనే వెళ్తోంది.

లారీ ఎక్కించేముందు
ప్రతి బోల్టుకీ అయస్కాంతం పెట్టి చూశాను.
అంటుకోలేదు.
ఒక్కటీ అంటుకోలేదు.
డ్రైవరు హారన్ కొడుతున్నాడు.
మళ్లీ మొదటి పెట్టె విప్పాను.