గట్టి మౌంటు

పాలకొల్లులో మా వీధి చివర, కాలవగట్టు మీద
ఇంజన్ అడుగున మామిడిచెక్క పెట్టి
జాకీ ఎక్కిస్తుంటే
ఏసుబాబు టార్చి పట్టుకుని దోమల్ని తిడుతున్నాడు.

పద్నాలుగో నంబరు బోల్టు ససేమిరా అంది.
కిరసనాయిలు పోసి, టీ తాగొచ్చి,
పానాకి పైపు తొడిగి లాగితే
పళ్ళు కొరికినట్టు కిర్రుమని వదిలింది.

పాతది చేతిలోకొచ్చింది.
ఎండగట్టిన రొయ్యల చెరువు అడుగులా
రబ్బరు నిండా నెర్రెలు.
పదకొండేళ్ళు మేత బస్తాల బరువు,
చించినాడ వంతెన అతుకుల మీది ప్రతి కుదుపూ
నాదాకా రానిచ్చింది కాదు.

కొత్తది గోరు దిగదు.
"ఇక గేరేస్తే ఇంజన్ ఊగదు బావా."
నిజమే, ఊగలేదు.

తాళం తిప్పాను.
అద్దంలో కొబ్బరిచెట్టు రెండయింది.
స్టీరింగు పట్టుకుంటే తేనెపట్టు పట్టుకున్నట్టుంది.
బూడిదగిన్నెలో టోల్ చిల్లర గలగలా.
ఏ సిలిండరు ఎప్పుడు పేలుతోందో
తొడలకి తెలుస్తోంది.

"ఐదొందల కిలోమీటర్లు తిరిగితే మెత్తబడుద్దిలే,"
అన్నాడు, దవడ అదురుతుంటే.

పాతదాన్ని కాలవలోకి విసరబోయి
ఎందుకో సీటు కింద పెట్టాను.
మార్టేరు దాకా
అదీ మాతోపాటే
వణుక్కుంటూ కూర్చుంది.