అంచు

ఇరవై రెండేళ్ళుగా పుళ్ళు కడుగుతున్నాను
కేజీహెచ్ ఎత్తు మీద, సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో.
నా చేతుల మీద నాకో పొగరుండేది,
ఇవి తాకిన గాయం చీము పట్టదని.

కాసులమ్మ వచ్చేదాకా.

పెదజాలరిపేట. ఎండుచేపల బుట్ట.
గాల్ బ్లాడర్ రాళ్ళు తీసి పంపిన ఎనిమిదో రోజుకి
కుట్ల వెంట పొక్కులు లేచి
పన్నెండో రోజుకి అరచేతంత పుండు.
అంచు వంకాయ రంగు,
అడుగంతా డొల్ల,
అల తొలిచేసిన ఇసక గట్టులా
పైన చర్మం ఉన్నట్టే ఉంది.

చెడిందంతా కోసెయ్యమన్నారు పెద్ద సర్జన్.
కోశారు. మూడు రోజుల్లో అంచు రెండు వేళ్ళ మేర జరిగింది.
మళ్ళీ కోశారు.
మళ్ళీ జరిగింది.
మందుల పేర్లు పొడుగయ్యాయి.
కల్చర్‌లో ఏ పురుగూ మొలవలేదు.
అయినా రౌండ్సులో అందరి చూపూ
ముందు నా గ్లవుజుల మీద వాలి
ఆ తర్వాతే పుండు మీదికి పోయేది.

నేనింకా గట్టిగా రుద్దాను.
ఇది చెప్పకుండా దాటలేను.
పెరాక్సైడు నురగలో ఆమె పెదవి కొరుక్కుంటూ
"రుద్దమ్మా, నువ్వు రుద్దితేనే గదా తగ్గుతాది" అంది.

గుమ్మం దగ్గర నిలబడి ఆమె మొగుడు ఎల్లాజీ,
వలలు బాగుచేసేవాడు, ఓ రోజన్నాడు:
"సినిగిన వలకి పోగులు కోసి ముడేస్తాం గానమ్మా,
ఎండకి మాగిపోయిన వలలుంటాయి,
కత్తి పెడితే సాలు, పక్క కన్ను కూడా ఇడిపోతాది.
ఆటిని ముట్టుకోం. నీడకేస్తాం."
నేను వాచీ చూసుకున్నాను.
ఇంకా పదకొండు మంచాలున్నాయి.

తర్వాత చర్మం డాక్టరమ్మ వచ్చింది, కుర్రపిల్ల.
పుండు చూడలేదు ముందు.
ముంజేయి తిప్పి చూసింది.
సెలైన్ సూది దిగిన చోట బియ్యపుగింజంత పొక్కు,
దాని చుట్టూ అదే వంకాయ రంగు.
"చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఇలాగే అయ్యేదా?"
ఆ ప్రశ్న మేమెవరం అడగలేదు.
"ఇది పురుగు పని కాదు.
దెబ్బ తగిలిన చోటికల్లా ఒంటి కాపలా పరిగెత్తుకొచ్చి,
దొంగ దొరక్క ఇల్లు తగలబెడుతోంది.
కత్తొద్దు. రుద్దొద్దు."

తడిపిన గుడ్డ మెల్లగా పరిచి
చేతులు వెనక్కి తీసుకోవాలి. అంతే.
అంతకన్నా కష్టమైన డ్రెస్సింగు నేనింతవరకు చెయ్యలేదు.
స్టెరాయిడ్ మొదలెట్టిన నాలుగో రోజు
అంచు కదల్లేదు.
నమ్మక, పెన్ను గీత మీద స్కేలు పెట్టి చూశాను.

మూడు నెలలకి మాత్రలతో ఉబ్బిన మొహం వేసుకుని
కాగితం పొట్లంలో నెత్తళ్ళు తెచ్చింది.
చీర పక్కకి తీసి చూపించింది:
మచ్చ నిండా చిన్న చిన్న గుంటలు, వాటి మధ్య నారలు,
అచ్చం వలే.
"మా ఆయన రోజూ కళ్ళు లెక్కెడతన్నాడమ్మా" అని
నవ్వి, గొంతు తగ్గించి,

"మళ్ళీ ఎప్పుడైనా కొయ్యాల్సొస్తే?"

హార్బర్లో ఏదో పడవ కూతేసింది.
పొట్లం నా చేతిలో ఉప్పుగా చెమర్చింది.