ఉగ్గుగిన్నె మీద పేరు

పట్నం బజార్లో గిన్నెల కొట్టు ముందు
నా స్టూలు, నా మిషను, జుయ్యిమనే నా సూది.
అక్షరానికి మూడు రూపాయలు.
ఇరవై ఆరేళ్లుగా గుంటూరు పేర్లన్నీ
చుక్క చుక్కగా స్టీలులో పొదిగాను,
కాపురానికెళ్లే బిందెల మీద,
పోయినోళ్ల జ్ఞాపకంగా పంచే పళ్లేల మీద.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
నేనూ తుమ్ముతాను, అక్షరమూ తుమ్ముద్ది.

ఇప్పుడు నా ఒళ్లో ఒక ఉగ్గుగిన్నె.
వెండిది. ఇంకా ఎవరిదీ కాదు.

చెల్లి కరీమున్ డబ్లిన్‌లో నర్సు.
వార్డులో అందరికీ కారీ.
"ఏడో నెల అన్నా, పాపంట. పేరు చూడు.
దువాలోనూ పలకాలి, బడి హాజరులోనూ పలకాలి."

అమ్మ రాయించిన చీటీ ఫోన్లో చదివాను.
ఫఖ్రున్నిసా: మొదటి ముక్కే
అక్కడ బూతులా వినబడుద్దంట.
ఖుర్షీద్: ఆ ఖ వాళ్ల గొంతులో లేదంట.
మన గొంతులో మాత్రం ఉందా,
కుర్షీదత్తా అనేగా పిలిచాం చచ్చేదాకా!
మరియం: బావ వాళ్ల పెద్దమ్మ పేరు,
ఆవిడతో మాటల్లేవు.
సారా: వార్డులోనే నలుగురు.
షహీదా: వద్దంది.
ఎందుకని నేనడగలేదు,
ఎయిర్‌పోర్టు మాట తనూ ఎత్తలేదు.

పేరు మారడానికి సముద్రం దాటాలా?
మా నానమ్మ మీరాబీ
రేషను కార్డులో మీరాబాయి.
సరిచేయిద్దామంటే
"బియ్యం వస్తన్నయిగా, ఊరుకోరా" అంది.
ఐదో తరగతి మాస్టారికి
షేకే నా పేరు, ఏడాదంతా "ఏరా షేకూ".
దర్గాకి మొక్కుకుని నాకు
నాగుల్ మీరా అని పెట్టారు.
మొక్కుకి స్పెల్లింగు ఉండదు.

బ్రాడీపేటలో గది కోసం ఫోన్ చేసి
మీరా అని మాత్రం చెప్పాను.
రమ్మన్నారు, వెళ్లాను.
పక్కన అమ్మ, నల్ల బురఖాలో.
నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నారు.
గేటుకి వేలాడే టులెట్ బోర్డు
అమ్మ చదవలేదు. ఆమెకు చదువు రాదు.
అయినా చదివింది.

శుక్రవారం రాత్రి మళ్లీ ఫోను.
"నూర్ అందాం అన్నా.
ఎవరి నాలుకా మడత పడదు.
పక్కింటి ముసలామె అప్పుడే
నోరా, నోరా అంటంది."

నూర్ అంటే వెలుగు.
మన వీధిలో నూరు అంటే వంద,
రోలు ముందు కూర్చున్నదానికి
పచ్చిమిరపకాయలు నూరు అన్నా అదే.
మరి నోరా?
నేనెక్కడ గొంతు పెంచినా అమ్మ నా చెయ్యి నొక్కి
మెల్లిగా అనే మాట ఒకటుంది:
నోరా, వీపుకు తేకే.
అది చెల్లికి చెప్పలేదు.
పేరు వెతకడమంటే బహుశా
ఇంకా పుట్టని పిల్ల వీపు
ముందే నిమరడం.

మిషను ఆన్ చేశాను.
వెండి స్టీలులా మొండిది కాదు,
సూది తొందరపడితే సొట్టపడుద్ది.
న. కొమ్ము. దాని దీర్ఘం. ర.
పొల్లు దగ్గర కాసేపు ఆగాను.
ఉర్దూలో అయితే పైన ఒక్క చుక్క చాలంట.
నాకా రాత రాదు,
నా చుక్కలన్నీ తెలుగు చుక్కలే.
ఊది తుడిచాను.
కొట్టు కుర్రాడు తొంగి చూసి
"నూరు రూపాయలా మావా?" అన్నాడు.

కొరియర్ ఆఫీసులో
"పంపేవారి పేరండీ?"
మీరా అనబోయాను.
షేక్ నాగుల్ మీరా, అన్నాను.
ఆ అమ్మాయి నాగేశ్వర్ దాకా రాసేసింది.
కొట్టేయించి, మళ్లీ రాయించాను.
వెనక లైన్లో ఎవరో విసుక్కున్నారు.
విసుక్కోనీ.
నా, అన్నాను. గు, అన్నాను.
ల కింద కాదమ్మా, పైన పొల్లు.