ఆరో సిలిండరు

రేసు ఇస్తే బాగానే ఉంటుంది.
కాలు తీస్తేనే దీని రోగం బయటపడుతుంది:
బానెట్ కింద ఎవరో ఎండు బఠాణీలు
డబ్బాలో పోసి ఆడిస్తున్నట్టు.
అద్దం వణుకుతుంది, అద్దంలో వెనక రోడ్డు వణుకుతుంది,
డాష్‌బోర్డు మీద మాతే తాగే సొరబుర్ర
అంచుదాకా నడుచుకుంటూ వచ్చి
కిందికి తొంగిచూస్తుంది.

ఎనభై ఒకటి మోడల్ ఫోర్డ్ పికప్పు. నాకంటే రెండేళ్లు చిన్నది.
సాందాలియో నావెల్పాన్ దగ్గర కొన్నాను,
పద్నాలుగు గొర్రెలూ కొంత రొక్కమూ ఇచ్చి.
"నా దగ్గరున్నన్నాళ్లూ ఎప్పుడూ వణకలేదే" అన్నాడు.
అమ్మినవాడు అనక ఏమంటాడు.

రేపు తెల్లారకముందే బయల్దేరాలి.
ఉన్ని కత్తిరించే ముఠాకి నేను వంటమనిషిని.
గ్వల్హైనా దాటి తొంభై కిలోమీటర్ల కంకరరోడ్డు,
పదకొండుమంది ఆకలి,
గేటు గేటుకీ దిగి తీసి, దాటించి, మళ్లీ దిగి మూసి.
దిగినప్పుడల్లా ఇది ఆగిపోతే
తోసేదెవరు, ఈ గాలా?
ఈ దేశంలో గాలి ఎప్పుడూ ఎదురే.

అందుకని రాత్రి, రేకుల షెడ్డులో.
మేనల్లుడు ఎలిసేవో టార్చి పట్టాడు.
పదేళ్లవాడు. నా చేతి మీద వెయ్యరా అంటే
పిల్లి మీద వేస్తాడు.

ముందు అందరూ చేసేవే చేశాను.
కార్బురేటర్ విప్పి, సన్న జెట్టులో ఊది,
అవతల చుక్కంత వెలుతురు కనబడేదాకా ఊది, బిగించాను.
బఠాణీలు.
డిస్ట్రిబ్యూటర్ మూత తుడిచాను, పాయింట్లు సరిచేశాను.
బఠాణీలు.
అర్వెల్ కొట్లో అప్పు రాయించి తెచ్చిన
ఆరు కొత్త ప్లగ్గులు.
బఠాణీలే, కాస్త ఖరీదైనవి.

అప్పుడు కూర్చున్నాను.
పాత ప్లగ్గులు బల్ల మీద పేర్చాను, తీసిన వరసలోనే.
ఐదింటి మూతి కాలిన రొట్టె రంగు.
ఆరోది తెల్లగా, సున్నం.
వంటమనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు,
ఆరు పొయ్యిల్లో ఒకదానికి
గాలి ఎక్కువ తగులుతోంది.

తోలు చేతొడుగు వేసుకుని, నడుస్తున్న ఇంజనుకి
వైర్లు ఒక్కొక్కటే లాగాను.
ఒకటి లాగితే కుంటింది. రెండుకీ కుంటింది.
ఐదుదాకా ప్రతిదానికీ ఏడ్చింది.
ఆరోది లాగితే
లెక్కే చెయ్యలేదు.

నీళ్ల గొట్టం మూరెడు కోసి ఒక కొస చెవిలో పెట్టుకున్నాను,
రెండో కొస ఇంజను వెంట నడిపించాను.
వెనక, చెయ్యి దూరని చోట, చీకట్లో
స్స్...
పాలు పొంగేముందు గిన్నె అనే మాట.
సబ్బునీళ్లు చెంచాతో పోస్తే గుటకేసింది,
గుటక వేసినంతసేపూ నెమ్మదించింది.

"పామా?" అన్నాడు ఎలిసేవో, ఆశగా.
పాము కాదు. తెగిన వాక్యూం గొట్టం.
దాని మూతికి బిరడాగా కొట్టిన
పెన్సిల్ ముక్క, పళ్లగాట్లతో సహా.
కొట్టిన రోజున సరిపోయే ఉంటుంది.
తర్వాత కర్ర ఎండింది, రబ్బరు పగిలింది,
ఆ వెలితి వినబడకుండా
ఐడ్లింగ్ స్క్రూ ఒక్కో చుట్టూ బిగించుకుంటూ పోయాడు,
ఇక తిరగనంతదాకా.

కొత్త గొట్టం ముక్క, ఒక బోల్టు, ఒక క్లిప్పు.
స్క్రూని మూడు చుట్లు వెనక్కి తిప్పాను.
ఇంజను తగ్గింది, ఇంకా తగ్గింది,
ఆగిపోతుందనుకున్న చోట
ఆగక, సర్దుకుని కూర్చుంది.
సొరబుర్ర కదల్లేదు.

తెల్లవారుజామున నావెల్పాన్ గుమ్మం ముందు ఆపాను,
ఇంజను కట్టెయ్యకుండా. దెప్పుదామనే వెళ్లాను.
పెన్సిల్ ముక్క చాచాను. అందుకోబోయాడు.
మణికట్టు దగ్గర మొదలై వేళ్లదాకా
డబ్బాలో బఠాణీలు.
ఆ చేతిని పట్టుకోడానికొచ్చిన రెండో చెయ్యీ అంతే.

"చెప్పానుగా, నాకెప్పుడూ తెలియలేదు."
బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.
"ఆపేశావా, నడుస్తోందా?"
"నడుస్తోంది."

మొదటి గేటు దగ్గర దిగాక గుర్తొచ్చింది,
ఉల్లిపాయల బస్తా షెడ్డులోనే ఉంది.