ఆరో డబ్బా

గాజువాకలో డైటీషియన్ రాసిచ్చింది:
రెండున్నర గంటలకోసారి, గుప్పెడు.
"నిప్పు ఆరిపోకుండా పుల్ల వేస్తుండాలండీ."
ఆరు డబ్బాలు కొన్నాను. మూతలు ఆరు రంగులు.

సి షిఫ్టులో నా పక్కన గంగునాయుడు.
వాడిది ఇంకో మతం:
మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా తిండి,
తర్వాత నోటికి తాళం.
నా అలారం మోగినప్పుడల్లా
అద్దంలోంచి కొలిమి వైపు చూసేవాడు.

ఆ కొలిమికి తిండి పెట్టేది మేమే.
ఖనిజం, కోకు, సున్నపురాయి.
స్కిప్పు ఎక్కుతుంది, బోర్లా పడుతుంది, దిగుతుంది.
తెల్లారి లాగ్‌బుక్కు చూసేవాడెవడూ
ఎన్నిసార్లు పెట్టావని అడగడు.
ఎన్ని టన్నులు? అంతే.

మూడు నెలలయ్యాక, క్యాంటీన్ వెనక
బంగాళాదుంపల కాటా ఎక్కాం.
నేను రెండు కిలోలు తగ్గాను.
వాడు రెండుంపావు.
ఆ పావు బూట్లదని నేను,
కాదు, ఉపాసానిదని వాడు.
కాటా దగ్గరి ఎర్రినాయుడు నవ్వాడు:
"ఇద్దరిదీ కలిపితే ఓ పూట కూరకొస్తాది బాబూ."

రాత్రి మూడింటికి మాత్రం
ఏ లెక్కా నిలబడదు.
సముద్రం వైపు నుంచి జిడ్డుగాలి.
ఒంట్లో ఎక్కడో
షిఫ్టులు తెలియని గడియారం.
ఆరో డబ్బా తీస్తాను:
చోడి అంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ.
గంగునాయుడు చూడనట్టు చూస్తాడు.
మూత తిరగేసి అందులో సగం పోస్తాను.

"తాగేది తిండి కిందికి రాదు కదరా?"
"రాదులే."

స్కిప్పు ఖాళీగా దిగుతోంది.